గులియెవ్ ఇంటిపేరులో మన కులీ

పేరు వెనక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా మనవరాలు ఆన్‌లైన్‌లో చెస్ ఆడుతుంది. మొన్న అజర్‌బైజాన్ అబ్బాయి ఒకడితో ఆట పడింది. అతని ఇంటిపేరు గులియెవ్. ఆ దేశపు పెద్ద ఆటగాళ్ల పేర్లు చూస్తే మమెద్యరోవ్, రజబోవ్, అబసోవ్... అన్నీ రష్యా పేర్లలాగే ఉన్నాయి. కానీ వాళ్లు ముస్లింలని చదివాను. మరి ఈ 'ఓవ్' ఎలా వచ్చింది? గులియెవ్ అంటే ఏమిటి? 'తాతా, నీకు తెలియదా' అని మనవరాలు రోజూ అడుగుతోంది.
— ఒక తాతయ్య, హనుమకొండ

జవాబు: తాతయ్యగారూ, మీ ఊరి కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2023 చెస్ ప్రపంచ కప్ ఆడింది అజర్‌బైజాన్ రాజధాని బాకూలోనే. క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి ప్రజ్ఞానంద చేతిలో ఓడాడు. మీరు రాసిన నిజాత్ అబసోవ్ అదే టోర్నీలో సెమీఫైనల్‌కి చేరి అందర్నీ ఆశ్చర్యపరిచాడు. కాబట్టి హనుమకొండలో ఈ పేర్ల మీద ఆసక్తి పుట్టడం నాకు వింతగా అనిపించలేదు.

ముందు తోక విడదీద్దాం. గులియెవ్‌లో చివరనున్న 'యెవ్' రష్యన్ ప్రత్యయం. 'ఎవరి?' అని అడిగితే వచ్చే జవాబు అది. 'గులి గారి' అని దాని అర్థం. 'అబ్బాయి' అనే మాటను మనమే కలుపుకోవాలి. పేరు హల్లుతో ముగిస్తే 'ఓవ్' వస్తుంది, అచ్చుతో ముగిస్తే 'యెవ్' వస్తుంది. హసన్ నుంచి హసనోవ్, ఇస్మాయిల్ నుంచి ఇస్మాయిలోవ్, అలీ నుంచి అలియెవ్. తోక మాత్రమే రష్యాది, ఒళ్లంతా స్థానికమే. ఇవన్నీ ఎప్పుడో ఒక తండ్రి పేరు, లేదా తాత పేరు.

ఇక 'గులి'. చరిత్ర లెక్చరర్‌గా ముప్ఫై ఏళ్లకు పైగా హైదరాబాద్ పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమనుకోకండి.

అజర్‌బైజానీ టర్కిక్ కుటుంబపు భాష. టర్కిక్ భాషల్లో 'కుల్' అంటే బానిస, సేవకుడు. 'కులు' అంటే ఫలానావారి సేవకుడు. పారసీ రాతలో ఇదే 'కులీ' అయింది. ఆ ఫలానావారు ఎవరన్నది దాని ముందు చేరుతుంది. అలీకులు అంటే అలీ సేవకుడు. ఇమామ్‌కులు, హుసేన్‌కులు, అల్లాకులు, షాకులు, ఇలా ఎన్నో. మనవాళ్లు రామదాసు, శివదాసు అని పెట్టుకున్నట్టే. అరబ్బీలో అబ్దుల్లా అన్నా టర్కిక్‌లో అల్లాకులు అన్నా భావం ఒక్కటే. పిలుపులో ముందు భాగం అరిగిపోయి ఉత్త 'కులు' మిగిలిన ఇళ్లూ ఉంటాయి. ఆ కులు గారి సంతతి గులియెవ్‌లు.

మరి క ఎక్కడ, గ ఎక్కడ అంటారా? అజర్‌బైజానీ లాటిన్ లిపిలో ఇంగ్లిష్ 'క్యూ' అక్షరాన్ని 'గ' అని పలుకుతారు. వాళ్ల పాస్‌పోర్టులో క్యూతో ఉన్నది మనకి ఇంగ్లిష్ వార్తల్లో 'జీ'తో కనిపిస్తుంది. యూరప్ పోటీల్లో ఆడే గరబాగ్ ఫుట్‌బాల్ జట్టు పేరు కూడా క్యూతోనే మొదలవుతుంది.

ఇప్పుడు హైదరాబాద్ కట్టించిన ఆయన పేరు ఒకసారి నోరారా అనండి: మహమ్మద్ కులీ కుతుబ్ షా. మహమ్మద్ కులీ అంటే మహమ్మద్ ప్రవక్త సేవకుడు. మీ మనవరాలి ప్రత్యర్థి ఇంటిపేరులో ఉన్నదీ, 1591లో చార్మినార్ కట్టించిన రాజు పేరులో ఉన్నదీ ఒకే మాట.

ఇది పైపైన కలిసిన పోలిక కాదు. గోల్కొండ రాజవంశం మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్‌వాడు. కారా కొయున్లు అనే తుర్క్‌మాన్ వంశీకుడు. 'కారా' అంటే నల్ల, 'కొయున్' అంటే గొర్రె. నల్లగొర్రెలవారు అన్నమాట! ఇవాళ బాకూ బజార్లో నల్లని గరా అనీ, గొర్రెను గొయున్ అనీ అంటారు. ఆ వంశం రాజధాని తబ్రీజ్, ఇరాన్‌లోని అజర్‌బైజాన్ ప్రాంతంలో ఉంది. 1467లో వాళ్ల పాలకుడు జహాన్ షాను తెల్లగొర్రెలవారైన అక్ కొయున్లు నాయకుడు ఉజున్ హసన్ ఓడించాక వంశం చెల్లాచెదురైంది. అందులో ఒక కొమ్మ దక్కనుకు వచ్చింది. బహమనీల కొలువులో చేరిన సుల్తాన్ కులీ తెలంగాణకు సుబేదారై, ఆ తర్వాత సొంతంగా ఏలుకున్నాడు. 1543లో హత్యకు గురయ్యేదాకా గద్దె దిగలేదు. చంపించింది కొడుకు జంషీదే అంటారు. ఆ జంషీద్ పేరు చివర కూడా కులీ ఉంది. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు 'సార్, వీళ్లందరికీ ఒకే ఇంటిపేరా?' అని అడిగేవాళ్లు. ఇంటిపేరు కాదు, వ్యక్తి పేరులో భాగం. కుతుబ్ షా అన్నది బిరుదు.

గోల్కొండ రాజు ఇబ్రహీం కులీని తెలుగు కవులు 'మల్కిభరాముడు' చేసేశారు. మాలిక్ ఇబ్రహీం అన్నది మన నోట ఎంత నున్నగా తిరిగిందో చూడండి, చివర్లో రాముడే వచ్చి కూర్చున్నాడు. రష్యా గుమస్తా కలం కింద కులీ గులియెవ్ అయితే తెలుగు కవి గంటం కింద ఇబ్రహీం ఇభరాముడయ్యాడు. ఈ రెండోదే నాకు ఇష్టం, పక్షపాతమే అనుకోండి.

షియాల్లో ఈ కులీ పేర్లు మరీ ఎక్కువ. 1501లో తబ్రీజ్‌లో షా ఇస్మాయిల్ సఫవీ రాజ్యం స్థాపించి షియా మతాన్ని రాజ్యమతం చేశాక ఇమామ్‌ల పేర్లకి, రాజుల పేర్లకి కులీ చేర్చుకోవడం బాగా సాగింది. గోల్కొండవారూ షియాలే. 1739లో ఢిల్లీని దోచిన నాదిర్ షా కూడా గద్దెనెక్కక ముందు తహ్మాస్ప్ కులీ ఖాన్. తహ్మాస్ప్ అనే సఫవీ రాజుకి సేవకుడనని పేరులోనే చెప్పుకున్నాడు. తర్వాత ఆ యజమానినే గద్దె దింపాడు!

పూర్తిగా మన మహమ్మద్ కులీయే ఇంటిపేరైన సందర్భం కూడా ఉంది. జలీల్ మమ్మద్‌గులుజాదె అని అజర్‌బైజాన్ రచయిత, నఖ్చివాన్‌వాడు. 1906లో తిఫ్లిస్ (నేటి జార్జియా రాజధాని తబిలిసి) నగరంలో 'ముల్లా నస్రెద్దీన్' అనే వ్యంగ్య పత్రిక పెట్టి ముల్లాలనీ, జమీందార్లనీ, జారు అధికారులనీ ఒకే కర్రతో కొట్టాడు. ఆయన ఇంటిపేరు విడదీస్తే మమ్మద్ అంటే మహమ్మద్, గులు అంటే కులీ, 'జాదె' అంటే పారసీలో పుట్టినవాడు, బిడ్డ. మన షాజాదా, హరామ్‌జాదాల్లోని జాదాయే. అంటే మహమ్మద్ కులీ బిడ్డ. అదే పేరుకి రష్యా తోక తగిలిస్తే మమ్మద్‌గులియెవ్ అవుతుంది. ఆ ఇంటిపేరువాళ్లూ ఉన్నారు.

'ఓవ్' ఎప్పుడు వచ్చిందన్నది మీ ప్రశ్నలో రెండో సగం. అంతకుముందు అక్కడ మామూలు జనానికి స్థిరమైన ఇంటిపేరే లేదు. ఫలానావారి కొడుకు, ఫలానా ఊరివాడు, అంతే. కర్బలా వెళ్లొస్తే కర్బలాయి, మష్హద్ వెళ్లొస్తే మషాది, మక్కా వెళ్లొస్తే హాజీ అని పేరు ముందు చేరేది. ఇరాన్, రష్యాల మధ్య జరిగిన 1813 గులిస్తాన్ సంధి, 1828 తుర్క్‌మెన్‌చాయ్ సంధి తర్వాత అరజ్ నదికి ఉత్తరాన ఉన్న ప్రాంతం రష్యా సామ్రాజ్యంలో కలిసింది. కచేరీ, సైన్యం, బడి, భూమి రికార్డులు అన్నీ రష్యన్‌లోకి మారాయి. రిజిస్టరులో ఇంటిపేరు గడి ఉంటుంది, అందులో ఏదో ఒకటి రాయాలి. తండ్రి పేరో తాత పేరో అడిగి 'ఓవ్' తగిలించారు. ముందు అధికారులకీ, బేగ్‌లనే దొరలకీ వచ్చింది. పల్లెల్లో చాలామందికి సోవియట్ కాలంలోనే స్థిరపడింది. నదికి దక్షిణాన ఇరాన్‌లో ఉండిపోయిన అజర్‌బైజానీలకి ఈ తోక లేదు, ఎందుకంటే ఆ గుమస్తా అక్కడికి పోలేదు.

మా తరం విశాలాంధ్ర పుస్తకాల షాపులో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలు చదివి 'ఓవ్' ఉంటే రష్యావాడే అనుకుంటూ పెరిగింది. ఆ పుస్తకాల మీది పేర్లలో ఎందరు ఉజ్బెక్‌లో, ఎందరు తాజిక్‌లో, ఎందరు అజర్‌బైజానీలో అప్పుడు ఎవరం పట్టించుకోలేదు.

మీ మనవరాలి కోసం మిగతా ఆటగాళ్ల పేర్లు. రజబోవ్: రజబ్ ఇస్లామీ క్యాలెండర్‌లో ఏడో నెల, ఆ నెలలో పుట్టిన బిడ్డకి పెట్టే పేరు. ఎల్తాజ్ సఫర్లి ఇంటిపేరులో ఉన్నది సఫర్ నెల. అబసోవ్‌లో అబ్బాస్ ఉన్నాడు. మమెద్యరోవ్ నాకు భలే నచ్చే పేరు: మమ్మద్, యార్. యార్ అంటే మనకి తెలిసిన యారే, స్నేహితుడు. మహమ్మద్ నేస్తం. గదిర్ గుసేనోవ్‌లో హుసేన్, దివంగతుడైన వుగార్ గషిమోవ్‌లో హాషిమ్ ఉన్నారు. రష్యన్‌లో 'హ' లేదు, 'హ' వచ్చినచోట 'గ' రాస్తారు. హాషిమ్ గాషిమ్ అయ్యాడు, హుసేన్ గుసేన్ అయ్యాడు. గషిమోవ్ జ్ఞాపకార్థం 2016లో అజర్‌బైజాన్‌లోని షమ్‌కీర్‌లో జరిపిన టోర్నీలో మన గుంటూరు హరికృష్ణ కూడా ఆడాడు.

ప్రశ్న: మా ప్రాజెక్ట్‌లో బాకూ క్లయింట్ ఉన్నాడు. అతని పత్రాల్లో పేరు మధ్యలో 'ఓగ్లు' అని ఉంటుంది. అది మిడిల్ నేమా? మెయిల్‌లో అతన్ని ఏమని పిలవాలి? మిస్టర్ ఓగ్లు అని రాసేశాడు మా టీమ్‌లో ఒకడు, నాకు టెన్షన్‌గా ఉంది.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, కూకట్‌పల్లి

జవాబు: టెన్షన్ వద్దమ్మా, బయటివాళ్లు ఇలా రాయడం అక్కడివాళ్లకి అలవాటైపోయి ఉంటుంది. 'ఓగ్లు' అంటే 'కొడుకు'. దాని ముందున్నది తండ్రి పేరు. దేశాధ్యక్షుడి పూర్తి పేరు ఇల్హామ్ హైదర్ ఓగ్లు అలియెవ్. హైదర్ కొడుకు, అలియెవ్ ఇంటిపేరువాడు, ఇల్హామ్. ఆయన తండ్రి హైదర్ అలియెవ్ కూడా అధ్యక్షుడే, 1993 నుంచి 2003 దాకా. ఆయన పూర్తి పేరు హైదర్ అలీరజా ఓగ్లు అలియెవ్. ఆడవాళ్లకైతే 'గిజి', అంటే కూతురు. ఇల్హామ్ భార్య మెహ్రిబాన్ ఆరిఫ్ గిజి అలియెవా. అంటే ఆరిఫ్ గారమ్మాయి. పెళ్లయినా తండ్రి పేరు మారదు. ఇంటిపేరు మాత్రం పషాయెవా నుంచి అలియెవా అయింది.

మరి ఇంటిపేరూ తండ్రి పేరే, మధ్యలోదీ తండ్రి పేరేనా అని మీరు అడిగేలోపే చెబుతాను. ఇంటిపేరులో ఉన్నది ఎప్పుడో తాత, ముత్తాత పేరు, రిజిస్టరులో గడ్డకట్టిపోయింది. ఓగ్లు ముందున్నది మాత్రం ఈ మనిషి సొంత తండ్రి పేరు, తరం మారితే మారుతుంది. సోవియట్ రోజుల్లో రష్యన్ పద్ధతిలో 'ఓగ్లు'కి బదులు 'ఒవిచ్', 'యెవిచ్' వాడారు. హైదర్‌ని మాస్కోలో 'గైదర్ అలియెవిచ్' అనేవాళ్లు. హ కాస్తా గ అయిందని గమనించారు కదా.

పిలుపు విషయం. అక్కడ ఇంటిపేరుతో పిలవడం మన దగ్గరలాగే మొరటు. పేరు చెప్పి 'ముఅల్లిమ్' చేరుస్తారు. ఆ మాటకి టీచర్ అని అర్థం, కానీ బ్యాంకు మేనేజర్‌కీ, ఇంజినీరుకీ కూడా అదే గౌరవం. ఆడవాళ్లకి పేరు తర్వాత 'ఖానుమ్'. ఇంగ్లిష్ మెయిల్‌లో అయితే మిస్టర్ తర్వాత ఇంటిపేరు రాసినా తప్పు లేదు. పేరు తర్వాత ముఅల్లిమ్ అని ఒకసారి రాసి చూడండి, అవతలివైపు ముఖం విప్పారుతుంది.

ఆఫీసు పత్రాల్లో వాళ్లు ఇంటిపేరే ముందు రాస్తారు. మనకి అలవాటైన వరసే అది. ఇంగ్లిష్ ఫారాల్లో లాస్ట్ నేమ్ గడి దగ్గర మనం పడే అవస్థ వాళ్లూ పడతారు.

ప్రశ్న: నేను కువైట్‌లో చమురు కంపెనీలో పని చేస్తాను. మా క్యాంపులో ఇద్దరు అజర్‌బైజానీ అన్నదమ్ములున్నారు. ఒకరి ఇంటిపేరు చివర 'ఓవ్', ఇంకొకరిది 'లి'. ఒకే తల్లి పిల్లలేనట. ఒకరిది తప్పు పేరా? అడగాలంటే మొహమాటం.
— ఒక పాఠకుడు, సొంతూరు కాకినాడ

జవాబు: ఇద్దరివీ సరైన పేర్లే. 'లి' అజర్‌బైజానీ సొంత ప్రత్యయం, 'ఫలానాదానికి చెందినవాడు' అని అర్థం. బాకూవాణ్ణి 'బకిలి' అంటారు. అందుకే ఆ ప్రత్యయం ఊరికీ, వంశానికీ, మనిషి పేరుకీ అన్నిటికీ అతుకుతుంది.

ఇలాంటి అన్నదమ్ముల్లో అందరికంటే పేరున్నవాళ్లు ఉజెయిర్, జెయ్‌హున్. ఉజెయిర్ హాజీబెయోవ్ సంగీతకర్త. 1908లో బాకూలో ఆడించిన ఆయన 'లేలీ మజ్నూన్' ముస్లిం తూర్పు దేశాల్లో మొదటి ఒపేరా అంటారు. తమ్ముడు జెయ్‌హున్ పత్రికా రచయిత. 1918 మే 28న అజర్‌బైజాన్ స్వతంత్ర రిపబ్లిక్‌గా ప్రకటించుకుంది. ఆ మరుసటి ఏడాది ప్యారిస్ శాంతి సభకి పంపిన బృందంలో జెయ్‌హున్ వెళ్లాడు. 1920 ఏప్రిల్‌లో ఎర్రసేన బాకూలోకి వచ్చింది, రిపబ్లిక్ కూలింది. తమ్ముడు ఇక తిరిగి రాలేదు, ఫ్రాన్స్‌లోనే ఉండిపోయాడు. ఇంట్లో ఉన్న అన్న హాజీబెయోవ్‌గా సోవియట్ గౌరవాలన్నీ అందుకున్నాడు. పరాయి దేశంలో తమ్ముడు హాజీబెయ్‌లిగా కాలం గడిపాడు. ఇప్పుడు బాకూలో అన్న పేరు కూడా చాలాచోట్ల హాజీబెయ్‌లి అనే రాస్తున్నారు. బతికుండగా ఆయన ఆ మార్పు చేసుకోగలిగేవాడా అంటే కష్టమే.

ఆ మొదటి రిపబ్లిక్ నాయకుల పేర్లే ఒక చిన్న మ్యూజియం. రసూల్‌జాదెలో పారసీ తోక, యూసుఫ్‌బెయ్‌లిలో సొంత తోక, మొదటి ప్రధాని ఫతలీ ఖాన్ ఖోయ్‌స్కీలో స్లావ్ తోక. ఈ చివరాయన పేరులో ఉన్నది తండ్రి కాదు, ఇరాన్‌లోని ఖోయ్ పట్టణం.

ఇంకో పెద్దాయన సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. మీర్జా ఫతలీ అఖుందోవ్, 1812లో పుట్టాడు. అజర్‌బైజానీలో మొదటి నాటకాలు రాశాడు, తిఫ్లిస్‌లో రష్యా ప్రభుత్వానికి తర్జుమాకారు. ఆయన్ని పెంచింది తల్లివైపు బంధువైన అఖుంద్ హాజీ అలెస్గర్. అఖుంద్ అంటే మత పండితుడు. ఆ పెంచిన పెద్దాయన బిరుదే కుర్రాడి ఇంటిపేరయింది. రష్యన్‌లో అఖుందోవ్, పారసీలో అఖుంద్‌జాదె. పండితుడి బిడ్డ అనే పేరు మోసుకుంటూ జీవితమంతా మత పండితుల్నే ఎగతాళి చేశాడు ఆ మహానుభావుడు. తండ్రి పేరు కాకుండా పెంచినవారి బిరుదు ఇంటిపేరు కావడం అక్కడ వింతేమీ కాదు.

1991లో స్వాతంత్ర్యం వచ్చాక 'ఓవ్' తీసేద్దామన్న మాట గట్టిగా లేచింది. అప్పటి అధ్యక్షుడు అబుల్‌ఫజ్ ఎల్చిబేయ్ అసలు ఇంటిపేరు అలియెవ్. దాన్ని వదిలి ఎల్చిబేయ్ పెట్టుకున్నాడు. 1992–93లో ఏడాదిపాటు దేశాన్ని ఏలాడు. ఆయన తర్వాత వచ్చింది మళ్లీ ఒక అలియెవ్! అప్పట్నుంచి కొందరు 'లి' చేర్చారు, కొందరు 'జాదె', ఇంకొందరు తోక మొత్తం కత్తిరించి ఉత్త పేరే ఉంచుకున్నారు. చాలామంది మార్చనేలేదు. అధ్యక్షుడు అలియెవ్, ప్రధాని అసదోవ్, ఇక సామాన్యుడు ఎందుకు మారుస్తాడు? డిగ్రీ సర్టిఫికెట్ మీద ఒకటి, ఇంటి కాగితాల మీద ఇంకొకటి పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికి ఉంటుంది? తండ్రి మమ్మదోవ్, కొడుకు మమ్మద్లి అయిన ఇళ్లు బోలెడు.

'ఓవ్' బానిసత్వపు గుర్తు, తీసిపారేయాలి అనేవాళ్ల వాదన నాకు పూర్తిగా మింగుడు పడదు. నాలుగైదు తరాలు ఆ పేరుతో పుట్టి, పెళ్లాడి, యుద్ధాల్లో చచ్చిపోయాక అది ఆ ఇంటిదే. కానీ మార్చుకున్నవాళ్లని ఎగతాళి చేసే హక్కూ మనకి లేదు. మీ క్యాంపులో అన్న, తమ్ముడు చెరో దారి పట్టారు, అంతే. మొహమాటం మానేసి భోజనాల దగ్గర అడిగేయండి. చెరో గంట చెబుతారు.

ప్రశ్న: కులీ అంటే సేవకుడు అని ఒక వాట్సాప్ మెసేజ్‌లో చదివాను. మన 'కూలీ' కూడా అదేనట కదా?
— బి.ఎ. విద్యార్థి, నల్గొండ

జవాబు: వాట్సాప్ చరిత్రకి దణ్ణం. మన 'కూలి' ద్రావిడ మాట, పనికి ఇచ్చే ప్రతిఫలం. తమిళంలోనూ ఉంది. గోల్కొండవాళ్లు రాకముందు నుంచీ తెలుగువాడు కూలి పుచ్చుకుంటూనే ఉన్నాడు. టర్కిక్ 'కుల్'కి జీతం లేదు. పరీక్షలో రెండూ ఒకటని రాస్తే మార్కులు పోతాయి, జాగ్రత్త.

ప్రశ్న: అజర్‌బైజాన్‌లో ఎక్కువమందికి ఉండే ఇంటిపేరు ఏది? ఒకే మనిషికి పేరూ ఇంటిపేరూ ఒకటే ఉంటాయా?
— గృహిణి, తిరుపతి

జవాబు: మమ్మదోవ్. మహమ్మద్‌ని అక్కడ మమ్మద్ అంటారు, దాని నుంచి వచ్చింది. ఆడవాళ్లకైతే మమ్మదోవా. 'జాదె', 'లి' మాత్రం ఆడా మగా తేడా లేకుండా ఉంటాయి. చెస్ ఆడే గునాయ్ మమ్మద్‌జాదె అమ్మాయే. ఈ ఒక్క పేరునే ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా చూస్తారు. అజర్‌బైజానీ లిపిలో తలకిందులైన 'ఈ' అక్షరం ఒకటుంది, ఆ ధ్వనికి ఇంగ్లిష్‌లో ఒకరు 'ఎ' రాస్తారు, ఒకరు 'ఈ' రాస్తారు. పైగా గత వందేళ్లలో వాళ్ల లిపి అరబ్బీ నుంచి లాటిన్‌కీ, అక్కణ్ణుంచి రష్యన్ లిపికీ, 1991 తర్వాత మళ్లీ లాటిన్‌కీ మారింది. తాత సంతకం మనవడు చదవలేడు.

మీ రెండో ప్రశ్నకి: ఉంటాయి. సోవియట్ అంతరిక్ష ప్రయోగాల కమిషన్‌కి అధ్యక్షత వహించిన బాకూ ఇంజినీరు పేరు కెరీమ్ కెరీమోవ్. చాలా ఏళ్లు ఆయన పేరు బయటికి చెప్పనేలేదు. తాత పేరు ఇంటిపేరుగా నిలిచి, అదే పేరు మనవడికి పెడితే ఇలా జంట పేర్లు తయారవుతాయి. తాత పేరు మనవడికి పెట్టడం మన తిరుపతివైపు ఎంత ఉందో అక్కడా అంతే. ప్రసిద్ధ గాయకుడు ముస్లిం మగొమాయెవ్‌కి తాత పేరే పెట్టారు. ఆ తాత కూడా సంగీతకర్తే. పైన చెప్పిన ఉజెయిర్, ఈ తాత ఇద్దరూ 1885 సెప్టెంబర్ 18న ఒకే రోజు పుట్టారు. మగొమాయెవ్‌లోని 'మగొమా' కూడా మహమ్మదే, ఉత్తర కాకసస్ కొండలవాళ్ల పలుకుబడిలో.

ప్రశ్న: కాస్పరోవ్ కూడా బాకూలోనే పుట్టాడు కదా సార్. అతనూ అజర్‌బైజానీ ముస్లిమేనా?
— పదో తరగతి విద్యార్థి, విజయవాడ

జవాబు: కాదు నాయనా. ఆయన 1963లో బాకూలో పుట్టినప్పుడు ఇంటిపేరు వైన్‌స్టైన్, తండ్రివైపు యూదులు. తల్లి క్లారా ఆర్మేనియన్, ఆవిడ ఇంటివారి పేరు గస్పర్యాన్. ఆర్మేనియన్‌లో 'యాన్' అంటే కూడా ఫలానావారి సంతతి అనే. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తర్వాత తల్లి ఇంటిపేరుని రష్యన్ రూపంలో తీసుకుని కాస్పరోవ్ అయ్యాడు. గస్పర్ అనే ముత్తాతకి 'యాన్' తీసి 'ఓవ్' పెట్టారు. ఉజ్బెకిస్తాన్ పాత అధ్యక్షుడు కరీమోవ్‌కీ, బల్గేరియావాళ్లకీ కూడా అదే తోక ఉంటుంది. కాబట్టి స్కోర్‌బోర్డు మీద 'ఓవ్' కనిపిస్తే దేశం చెప్పేయకు. తోక తీసి ముందు మిగిలిన పేరు చూడు, పక్కనున్న జెండా కూడా చూడు.